తరగతి గదిలోకి నోట్‌బుక్కుతో వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పరిశోధన ప్రణాళిక రెండుసార్లు చదివాను. పిల్లల చేత పుస్తకాలు చదివించే కొత్త కార్యక్రమం బడుల్లో ఎలా నడుస్తోందో గుణాత్మక పద్ధతిలో, అంటే అంకెలతో కాకుండా మాటలతో, పరిశీలనలతో మూల్యాంకనం చేస్తానన్నావు. అంశం మంచిదమ్మా. ప్రశ్న మాత్రం ఇంకా గట్టిపడలేదు. "కార్యక్రమం ప్రభావం ఎంత?" అని రాశావు. ఎంత అన్నది తేలాలంటే ముందూ వెనకా పరీక్షలు కావాలి, పోల్చడానికి కార్యక్రమం లేని బడులు కావాలి. నువ్వు చేస్తానన్న పన్నెండు ఇంటర్వ్యూలతో అది తేలదు. వాటితో తేలేది వేరు: టీచరు ఆ కార్యక్రమంలో ఏ భాగాన్ని పట్టుకున్నారు, దేన్ని వదిలేశారు, ఎందువల్ల. ప్రశ్నను ఆ వైపు తిప్పు.

ఈ మూల్యాంకనం ఎవరి కోసమో కూడా మొదటి పేజీలోనే రాసుకో. నడుస్తున్న పనిని సరిదిద్దడానికి చేసేది ఒక రకం, ఉంచాలా తీసేయాలా అని తేల్చడానికి చేసేది ఇంకో రకం. మూల్యాంకనం మీద పనిచేసిన మైకేల్ స్క్రివెన్ 1967లో ఈ రెండింటినీ విడదీసి పేర్లు పెట్టాడు. నీకు ఈ తేడా ఎందుకంటే, తన ఉద్యోగం మీదికి వస్తుందనుకున్న టీచరు నీకు ఒక్క ఇబ్బంది కూడా చెప్పరు. సరిదిద్దడానికే వచ్చావని నమ్మితే గంటసేపు చెబుతారు.

ఇందులో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే తప్పు ఒకటుంది: అసలు జరగని కార్యక్రమాన్ని విఫలమైందని రాసేయడం. కాగితం మీద రోజుకు 40 నిమిషాలు, వారానికి 5 రోజులు ఉంటుంది. గదిలో 20 నిమిషాలు, 2 రోజులు జరుగుతుంది. 200 నిమిషాల చోట 40 నిమిషాలే దొరికిన పిల్లలకు చదువు రాలేదని కార్యక్రమాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అందుకని బడిలో అడుగుపెట్టే ముందే దాని భాగాలన్నీ ఒక కాగితం మీద రాసుకో. టీచరు గట్టిగా చదివి వినిపించడం, పిల్లలు జంటలుగా చదువుకోవడం, పుస్తకం ఇంటికి పంపడం. చూసిన ప్రతి తరగతిలో ఏది జరిగింది, ఎన్ని నిమిషాలు జరిగింది అన్నది దాని పక్కనే నింపు.

ఎవరిని ఎంచుకోవాలన్నది హెడ్‌మాస్టరుకు వదలకు. వదిలితే బడిలో మంచి టీచరును చూపిస్తారు, అది సహజం. టీచర్ల జాబితా తీసుకుని, అనుభవం తక్కువున్నవారు, ఎక్కువున్నవారు, కార్యక్రమం పట్ల అయిష్టం ఉన్నవారు అందరూ వచ్చేలా నువ్వే ఎంచుకో. పన్నెండు చాలునని 2006 నాటి ఒక అధ్యయనాన్ని చూపించావు. అందులో రెండు పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో 60 మంది మహిళలతో మాట్లాడారు, మొదటి 12 ఇంటర్వ్యూలకే దాదాపు కొత్త విషయాలు రావడం ఆగింది. అయితే వాళ్లంతా చాలావరకు ఒకే తీరు వాళ్లు, అడిగిన ప్రశ్నలూ ఒకటే. నువ్వు టీచర్లను, తల్లిదండ్రులను, హెడ్‌మాస్టర్లను కలిపి పన్నెండు అంటే ఒక్కో గుంపుకు నలుగురే మిగులుతారు. టీచర్లే పన్నెండుగురు ఉండనీ, మిగతావాళ్లు ఆపైన. సమయం చాలకపోతే తల్లిదండ్రులను వదిలేయి, టీచర్లను మాత్రం తగ్గించకు.

ఇక పరిశీలన. గది వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే నీకు కనిపించేవి వీపులే. పక్కన, ముందు వైపుకు కూర్చుంటే ముఖాలూ పుస్తకాలూ కనిపిస్తాయి. మొదటి రెండు రోజులు ఊరికే కూర్చో, ఆ నోట్సు విశ్లేషణలోకి తీసుకోకు. కొత్త మనిషి ముందు పాఠం వేరుగా నడుస్తుంది, నిన్ను ఇన్‌స్పెక్టరనుకుంటే మరీనూ. ఒక్కో టీచరును కనీసం మూడుసార్లు చూడు. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు చూసిందీ విన్నదీ, కుడివైపు నీకు అనిపించిందీ రాయి. "పిల్లలు ఆసక్తిగా ఉన్నారు" అన్నది ఎడమవైపు రాయగూడని మాట. "10:20, ముందు వరసలో నలుగురు చేతులెత్తారు, వెనక ఇద్దరు పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తున్నారు" అని రాస్తే అది పరిశీలన. అయిదు నిమిషాలకొకసారి టైము వెయ్యడం మర్చిపోకు.

వీలైన చోట కొలిచి చూడు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను కూడా సరిగా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవు పెరుగుతుందని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించింది. తరగతుల రికార్డింగులను సెకన్లలో కొలిచింది కాబట్టే అది బయటపడింది. గదిలో కూర్చున్నవాళ్లకు ఆ ఒక్క సెకను మామూలుగానే తోస్తుంది.

గంట పరిశీలనను పూర్తి నోట్సుగా రాయడానికి రెండు మూడు గంటలు పడుతుంది, అది ఆ రాత్రికే అయిపోవాలి. తెల్లారితే ఎవరు ఏ మాట అన్నారో పోయి, సారాంశం మాత్రమే మిగులుతుంది. అందుకే రోజుకు రెండు తరగతులకు మించి చూడకు.

ఇంటర్వ్యూ పరిశీలన తర్వాతే పెట్టుకో, ఆ రోజే అయితే ఇంకా మంచిది. నీ పట్టికలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఆరు నుంచి ఎనిమిది చాలు, 45 నిమిషాలకు సరిపోతాయి. "ఈ కార్యక్రమం మీకు ఉపయోగపడిందా?" అని అడిగితే "చాలా బాగుందండీ" అంటారు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. "ఈ వారం జరిగిన ఒక పీరియడు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడిచిందో చెప్పండి" అని అడుగు. "ఎందుకు చెయ్యలేదు?" అన్నది నిలదీసినట్టు ఉంటుంది. "ఆ రోజు జంటల చదువు దగ్గర ఏమైంది?" అంటే చెబుతారు. జవాబు ఆగాక మనసులో అయిదు లెక్కపెట్టు. అసలు సంగతి చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. స్టాఫ్‌రూములోనూ, హెడ్‌మాస్టరు గదిలోనూ మాట్లాడించకు. ఫ్యాను చప్పుడు లేని చోటు వెతుక్కుని, రెండు పరికరాల్లో రికార్డు చెయ్యి.

పిల్లలతో అయితే ఒకే తరగతి వాళ్లు నలుగురైదుగురు, ఇరవై నిమిషాలు, మధ్యలో వాళ్లు చదివిన పుస్తకం. బడిలో పెద్దవాళ్లు అడిగే ప్రశ్నకు సరైన జవాబు ఒకటుంటుందని వాళ్లకు అలవాటు, అందుకే నీకేది కావాలో ఊహించి అదే చెబుతారు. ఇక్కడ తప్పొప్పులు లేవని ముందే చెప్పు. తల్లిదండ్రుల సంతకం ఉన్నా పిల్లను విడిగా అడగాలి. తల తిప్పేసుకుంటే ఆ పిల్ల వద్దన్నట్టే లెక్క.

గంట ఆడియో టైపు చెయ్యడానికి నాలుగు నుంచి ఆరు గంటలు వేసుకో. సాఫ్ట్‌వేర్ రాసిచ్చినా మొత్తం మళ్లీ వింటూ దిద్దక తప్పదు, యాస దగ్గరా రెండు భాషలు కలిసిన చోటా అది తప్పులు చేస్తుంది. ఇంగ్లీషులోకి మార్చి విశ్లేషించాలన్న ఆలోచన మానుకో. ఒక టీచరు "పాఠం అయిపోయింది" అంటారు, ఇంకొకరు "ఎలాగో కానిచ్చేశాను" అంటారు. అనువాదంలో రెండూ ఒకటైపోతాయి. నీకు కావలసింది ఆ "ఎలాగో"లోనే ఉంది.

కోడింగు దగ్గర, అంటే చెప్పిన మాటల్లో ఒక్కో ముక్కకు అది దేని గురించో తెలిపే చిన్న పేరు (కోడు) పెట్టే పని దగ్గర, తొందరపడకు. మొదట మూడు ట్రాన్స్‌క్రిప్టులు (టైపు చేసిన ఇంటర్వ్యూలు) వరసవరసగా చదువుతూ కోడ్లు పెట్టు. అరవై డెబ్బై వచ్చినా కంగారుపడకు, కలపగలిగినవి కలిపితే ఇరవైలోపుకు దిగుతాయి. ఒక్కోదానికి పేరు, అర్థం, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, ఒక ఉదాహరణ కోడ్‌బుక్కులో రాయి. ఎక్కడ వాడకూడదన్నది రాయకపోతే నెల తిరిగేసరికి అదే కోడును ఇంకో అర్థంలో వాడేస్తావు. అయిదింట ఒక వంతు ట్రాన్స్‌క్రిప్టులు ఇంకొకరి చేత కోడు చేయించి, తేడా వచ్చిన చోట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పన్నెండు ఇంటర్వ్యూలకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు.

నీ ప్రణాళికలో థీములని, అంటే విశ్లేషణలో తేలే ముఖ్య విషయాలని, "సవాళ్లు", "ప్రయోజనాలు", "సూచనలు" అని ముందే రాసిపెట్టుకున్నావు. అవి అరలు మాత్రమే. థీము అంటే ఒక పూర్తి వాక్యం కావాలి, కాదనడానికి వీలున్న వాక్యం కావాలి. "పుస్తకాలు చిరిగితే తామే జవాబు చెప్పాలన్న భయంతో టీచర్లు వాటిని పిల్లల చేతికివ్వడం లేదు" అన్నావనుకో, అది థీము. వెంటనే దానికి ఎదురు సాక్ష్యం వెతుకు. పుస్తకాలు ఇస్తున్న టీచరు ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఆ బడిలో స్టాకు రిజిస్టరు మీద సంతకం ఎవరిది? ఆ సంతకం టీచరుది కాకపోతే నీ వాక్యానికి బలం పెరిగింది. టీచరుదే అయినా ఇస్తున్నారంటే భయం ఒక్కటే కారణం కాదు, వాక్యం మార్చాలి.

ఇంటర్వ్యూలో రోజూ చదివిస్తామన్నారు, పుస్తకాలిచ్చే రిజిస్టరులో మూడు వారాలు ఖాళీగా ఉంది. ఎవరు అబద్ధమాడారని వెతకకు. ఆ ఖాళీ ఎలా వచ్చిందో తెలుసుకుని రాస్తే నివేదికలో పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

నివేదికలో "చాలామంది" అనకు, "12 మందిలో 9 మంది" అను. శాతాలు వెయ్యకు, పన్నెండుగురికి 75 శాతం అంటే లేని బరువు వస్తుంది. ఉల్లేఖనలన్నీ బాగా మాట్లాడిన ఒకరిద్దరివే కాకుండా చూసుకో. పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగరు. బడిలో లెక్కల టీచరు ఒక్కరే అయితే "లెక్కల టీచరు" అన్న మాటే ఆ మనిషిని పట్టిస్తుంది, కాబట్టి సబ్జెక్టు తీసెయ్యి. ఏ మారుపేరు ఎవరిదో చెప్పే కాగితాన్ని ట్రాన్స్‌క్రిప్టులతో కలిపి ఉంచకు.

ప్రశ్నలు తగ్గించాక ఒక్క టీచరుతో నడిపి చూసి, ఆడియో, ట్రాన్స్‌క్రిప్టు నాకు పంపు. నువ్వెక్కడ మాటకు అడ్డుపడ్డావో, ఎక్కడ తొందరపడి తర్వాతి ప్రశ్నకు వెళ్లావో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను. అయితే ఆ రికార్డింగు నేను కూడా వింటానని సమ్మతి పత్రంలో ముందే రాసి, టీచరుకు చదివి వినిపించు. ఆమె వద్దంటే ఆడియో పంపకు, నువ్వు అడిగిన ప్రశ్నలు మాత్రం వరసగా రాసి పంపు.