పేడి, కొజ్జా, స్వలింగ సంపర్కం: ఏ మాట ఎక్కడ?

ప్రశ్న: కొత్తపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పిల్లల్ని ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి తీసుకెళ్ళాం. విగ్రహం వెనకవైపు మోహినిని చూసి ఒక కుర్రాడు "మగవాడూ ఆడదీ రెండూ అయినవాళ్ళని ఏమంటారండీ?" అని అడిగాడు. వెనకనించి ఇంకొకడు ఒక తిట్టుమాట అందించాడు, అందరూ నవ్వేశారు. దానిమీద నాకు వచ్చిన సందేహాలివి. స్వలింగ ప్రేమకు పాత తెలుగులో మాట ఉందా? పత్రికలు రాసే "స్వలింగ సంపర్కులు" సరైనదేనా? ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని బృహన్నల అనో శిఖండి అనో రాయవచ్చా? "వచ్చాడు" అనాలా, "వచ్చింది" అనాలా?

సమాధానం: ఒక మనిషి ఒళ్ళు ఎలాంటిది, ఆ మనిషి తనని ఆడ అనుకుంటున్నారా మగ అనుకుంటున్నారా, ఎవరిమీద మనసు పడుతున్నారు? ఇవి మూడూ మూడు వేర్వేరు సంగతులు. మన పాత మాటలన్నీ వీటిని ఒకే గంపలో వేశాయి. మీ క్లాసులో నవ్వు పుట్టిన చోటు కూడా అదే.

ముందు ఆ గంపలో ఏమున్నాయో చూద్దాం. వీధిబడిలో పిల్లలు వల్లించిన అమరకోశంలో తృతీయాప్రకృతి, షండుడు, క్లీబుడు, పండుడు, నపుంసకుడు ఒకే వరసలో పర్యాయపదాలుగా కనిపిస్తాయి. వీటిలో నాలుగు లోపాన్ని చెప్పేవి. "నపుంసక" అంటేనే పురుషుడు కానిది అని. క్లీబం మాట గీత రెండో అధ్యాయంలో "క్లైబ్యం మా స్మ గమః" అన్నచోట పిరికితనమైంది. తృతీయాప్రకృతి ఒక్కటే వేరు. అందులో లోపం ఊసు లేదు, లెక్క మాత్రమే ఉంది: ఒకటోది, రెండోది, మూడోది.

అచ్చతెలుగులో ఉన్న మాట పేడి. తమిళంలోనూ పేడే. పక్కనున్న కన్నడంలో పకారం హకారమై హేడి అయింది, అర్థం కాస్తా పిరికివాడిగా మారింది. అక్కడా క్లైబ్యానికి పట్టిన గతే. కొజ్జా చరిత్ర ఇంకా విచిత్రం. పారసీలో ఖ్వాజా అంటే దొరగారు, పెద్దమనిషి. అంతఃపురాల అధికారం చేతిలో ఉన్న నపుంసకులను గౌరవంగా ఖ్వాజాసరా అనేవారు. మనదాకా వచ్చేసరికి గౌరవం దారిలో జారిపోయి, తిట్టు మిగిలింది. మీ కుర్రాడు అందించిన మాట ఇదో, సినిమాల పుణ్యమా అని ఊరూరా తిరుగుతున్న "తేడా"నో అయి ఉంటుంది.

ఈ మాటల్లో ఏదీ ప్రేమను చెప్పదు. కనుక మీ మొదటి ప్రశ్నకు జవాబు: లేదు, పాత తెలుగులో ఆ అర్థానికే కట్టుబడిన ఒక్క మాట నా ఎరికలో లేదు. మాట లేనంత మాత్రాన సంగతి లేదనుకోకండి. ఎవరిని ప్రేమిస్తారన్నదాన్నిబట్టి మనుషులకు ఒక జాతిపేరు పెట్టడం యూరప్‌లోనూ కొత్తే. హోమోసెక్సువల్ అనే మాట 1869లో జర్మన్‌లో పుట్టింది. అంతకుముందు అక్కడా చేసే పనికే పేరుండేది, మనిషికి కాదు.

సంస్కృతంలో మాత్రం ఒక వాక్యం నాకు చాలా ఇష్టం. వాత్స్యాయనుడు కామసూత్రం రెండో అధికరణంలో తృతీయాప్రకృతిని స్త్రీరూపిణి, పురుషరూపిణి అని రెండుగా విడదీసి చెప్పాడు. ఆ అధ్యాయంలోనే, వీరితో సంబంధం లేకుండా, కొందరు నాగరికులైన మగవారిని ప్రస్తావించాడు. వారు "అన్యోన్యస్య హితైషిణః", ఒకరి మేలు ఒకరు కోరేవారు. "రూఢవిశ్వాసాః", గట్టి నమ్మకం కుదిరినవారు. వారు చేసేది "పరస్పరపరిగ్రహం", ఒకరినొకరు స్వీకరించడం. పరిగ్రహం మామూలు మాట కాదు, పెళ్ళాడటానికీ భార్యకూ కూడా వాడే మాట. అలాగని ఆ కాలమంతా ఇంత ఉదారంగా ఉందనకూడదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం మగవాడితో కలిసిన ద్విజుడికి కట్టుబట్టలతో స్నానం చేయమని తేల్చేసింది. పగటిపూటా, ఎడ్లబండిలోనూ ఆడదానితో కలిసినా అదే స్నానమట! ఎనిమిదో అధ్యాయంలో కన్యను కన్య తాకితే రెండువందల పణాల జరిమానా వేసింది.

ఆ "ప్రకృతి" తర్వాత ఏమైందో చూడండి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ వచ్చింది. దాన్ని తెలుగు చేసినవారు "ప్రకృతి విరుద్ధం" అని రాశారు. మూడో ప్రకృతి అన్న చోటే ప్రకృతికి విరుద్ధం కూర్చుంది. మన తాతముత్తాతల నుంచి వచ్చిన మాట అనుకుని చాలామంది నేటికీ దాన్ని వాడుతున్నారు, కాని అది దొరల చట్టం నుంచి దిగిన మాట. వయసువచ్చినవారు ఇష్టపడి కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా పదబంధం పత్రికల్ని వదల్లేదు.

"స్వలింగ సంపర్కులు" అన్నదానిమీద నా అభ్యంతరమూ ఇలాంటిదే. సంపర్కం పడకగది మాట. ఆడామగా ప్రేమించుకుంటే "ప్రేమజంట" అని రాసే విలేకరి, ఇద్దరు ఆడపిల్లలు ఇల్లు విడిచి వెళ్తే "స్వలింగ సంపర్కులు" అని రాస్తాడు. వాళ్ళు చేయి పట్టుకున్నారో లేదో అతనికేం తెలుసు? స్వలింగ ప్రేమ, స్వలింగ ప్రేమికులు అనండి. గే, లెస్బియన్, క్వీర్ అని వారే చెప్పుకుంటే అలాగే తెలుగు లిపిలో రాయండి. రైలును ధూమశకటం చేయబోయి నవ్వులపాలైన జాతి మనది, మళ్ళీ ఆ పని వద్దు.

ఇక ర్యాలి. పువ్వు రాలింది కనుక ర్యాలి అయిందన్న వ్యుత్పత్తిని నేను నమ్మను. "రాలి" వంటి అసమాపక క్రియ ఒంటరిగా ఊరిపేరు కావడం మన వాడుక కాదు. కథ మాత్రం గట్టిది. భాగవతం ఎనిమిదో స్కంధంలో శివుడు తెలియక మోసపోలేదు. విష్ణువు మోహినిగా మారాడని విని, ఆ రూపం నాకూ చూపించమని పార్వతితో సహా వెళ్ళి అడిగాడు. చూశాడు, వెంటపడ్డాడు. ఊరి కథ ప్రకారం, జడలోంచి రాలిన పువ్వు వాసన చూసి తలెత్తేసరికి ఎదుట కేశవుడు! ఒకే రాతికి ముందు గదాశంఖాలు, వెనక కొప్పు, పిక్కమీద పుట్టుమచ్చ. దీన్ని స్వలింగ ప్రేమకు రుజువుగా చూపవచ్చా అంటే, భాగవతం చెప్పదలచింది మాయ గురించి, ప్రేమ గురించి కాదు. కాని ఇలాంటి మోహం దేవుడి కథలో రాకూడదని ఆ కవులు అనుకోలేదు, చాటుగా కూడా చెప్పలేదు. అంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు.

వ్యాకరణానికి ర్యాలికంటే సర్పవరం బాగా పనికొస్తుంది. కాకినాడలో ఉంది, పిల్లల్ని ఈసారి అటు తీసుకెళ్ళండి. భావనారాయణస్వామి గుడి స్థలపురాణంలో నారదుడు విష్ణుమాయవల్ల కొలనులో మునిగి ఆడదై లేచాడు, రాజును పెళ్ళాడి అరవైమందిని కన్నాడు. వారే ప్రభవ మొదలుకొని అక్షయ దాకా మన సంవత్సరాలు. ఉగాదినాడు పంచాంగం వింటూ పేరు పేరునా తలుచుకునే ఆ అరవైమందికీ తల్లి నారదుడే! నేను ఇప్పుడు "లేచాడు", "కన్నాడు" అని రాశాను. "లేచింది", "కన్నది" అన్నా తప్పు లేదు. ఆ క్షణానికి కథలో ఎవరున్నారన్నదాన్నిబట్టి క్రియ మారుతుంది. భాగవతం తొమ్మిదో స్కంధంలో సుద్యుమ్నుడు ఒక నెల మగవాడిగా, ఒక నెల ఆడదానిగా ఉండేలా శివుడు వరమిచ్చాడు. ఇల అనే పేరుతో బుధుణ్ణి పెళ్ళాడి పురూరవుణ్ణి కన్నదీ ఆ మనిషే. చంద్రవంశమంతా అక్కణ్ణుంచి మొదలు. కథ చెప్పే ఏ పౌరాణికుడూ క్రియ దగ్గర తడబడలేదు.

బృహన్నల అన్న పేరు అందరికీ తగిలించకండి. అది అర్జునుడు అజ్ఞాతవాసం ఏడాదికి వేసుకున్న వేషం. గడువు తీరగానే తీసేశాడు. తిక్కనగారి "సింగంబాకటితో" పద్యంలో, యుద్ధానికి వస్తున్న అర్జునుణ్ణి కౌరవసేనవారు "వీఁడె వచ్చె" అనే పోల్చుకున్నారు. జీవితమంతా తానుగా బతికే మనిషికి వేషం పేరు పెట్టడం భావ్యం కాదు. శిఖండి కథ దగ్గరగా వస్తుంది. ఆడపిల్లగా పుట్టి కొడుకుగా పెరిగి, ఒక రాజకుమారిని పెళ్ళాడి, గుట్టు బయటపడితే అడవికి పోయి, స్థూణుడనే యక్షుడి పుంస్త్వం తెచ్చుకున్నాడు. ఆ పెళ్ళిలో ప్రేమ లేదు, మోసపోయామన్న మామగారి మంట ఒక్కటే ఉంది. పైగా మన నోళ్ళలో శిఖండి తిట్టయిపోయింది. "లింగమార్పిడి చేయించుకున్నవారు" కూడా అందరికీ చెల్లదు. గుర్తింపుకి శస్త్రచికిత్స షరతు కారాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. ట్రాన్స్‌జెండర్, ట్రాన్స్ స్త్రీ, ట్రాన్స్ పురుషుడు జనానికి అర్థమయ్యే మాటలే.

చివరిది క్రియ. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి మగవారిని మహత్తులనే వర్గంలో వేసి, ఏకవచనంలో ఆడవారికి పశువులతో, రాళ్ళతో సమానంగా "వచ్చింది" ఇచ్చాడు. బహువచనానికి వచ్చేసరికి ఆడవారు మగవారితో కలిసి "వచ్చారు" అవుతారు. మన గోదారి ఇళ్ళల్లో "నాన్నగారొచ్చారండి, అమ్మొచ్చిందండి" అనడం వినే ఉంటారు. ట్రాన్స్ స్త్రీకి తక్కిన ఆడవారికి దక్కే "ఆవిడ వచ్చింది" దక్కాలి, ట్రాన్స్ పురుషుడికి "ఆయన వచ్చారు" దక్కాలి. "అది వచ్చింది" ఎవరికీ వద్దు. తెలియనప్పుడు "తను", "వారు", "గారు", "వచ్చారు" ఉన్నాయి, వాటికి ఆడామగా తేడా లేదు. ఇంకా అనుమానమైతే "మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?" అని అడగమనండి. ఆ వాక్యంలోనూ లింగం లేదు.