కాగితం బీరువాలో, మాత్రలు మీ ఒక్కరికేనా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. నాకు 33 ఏళ్లు, పెళ్లయి ఏడేళ్లు. పొగాకు వేస్తాం, ఆకును సెగ మీద ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. గుడ్డు పెరగడానికి మాత్రలు, స్కానింగులు నెలనెలా జరుగుతూనే ఉన్నాయి. గుడ్ల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్షలో తక్కువ వచ్చింది, నేరుగా ఐవీఎఫ్‌కి (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) వెళ్లమని ఒకచోట చెప్పారు. పోయిన మార్చిలో మా ఆయనకు పరీక్ష చేస్తే వీర్యకణాలు తక్కువన్నారు. ఆ కాగితం బీరువాలో పెట్టేశారు. దాని ఊసెత్తితే లేచి వెళ్లిపోతారు. అత్తయ్య నన్ను నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకెళ్లి సంతాన రొట్టె ఇప్పించింది. కడుపు పండకుండా మళ్లీ ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? కొత్త సంవత్సరంలోనైనా ఒక దారి కావాలి. ఈసారి ఆకు డబ్బులన్నీ ఐవీఎఫ్‌కి పెట్టేయమంటారా, అన్నీ ఆపేయమంటారా?
– ఒక సోదరి

జవాబు: తల్లీ, ఆ రెండూ వద్దు. ముందు ఆ కాగితం బయటికి తీయండి. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట ఐవీఎఫ్ కాదు, "పోయిన మార్చిలో" అన్న మాట.

మార్చి అంటే మీ వైపు బ్యారన్లు మండుతుంటాయి. రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోయడం ఎంత సెగో మీకు నేను చెప్పాలా? వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. అందుకే అవి శరీరం బయట ఉన్నాయి. ఒక కణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. కాబట్టి మార్చిలో ఇచ్చిన నమూనా అంతకుముందు మూడు నెలల సెగను, జ్వరాన్ని, నిద్రలేమిని చూపిస్తుంది. వేడి వల్లే తగ్గాయని నేను తీర్పు చెప్పడం లేదు. అది మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఒక్క రిపోర్టుతో ఏ మగవాడికీ ముద్ర వేయకూడదు.

ఆయనకు ఈ మాట చదివి వినిపించండి: "నాయనా, ఈ ఏడాది బ్యారన్ రాజుకోకముందే పరీక్ష చేయించుకో. వేసవి నుంచి సెగకు దూరంగా ఉన్నావు గనుక ఇదే సరైన సమయం." రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి, అది గంటలోపు ల్యాబులో పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. అంతకంటే తక్కువున్నా తండ్రులైనవాళ్లున్నారు. మళ్లీ తక్కువే వస్తే యూరాలజిస్టుకు చూపించాలి, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బాయేమో చూస్తారు. చుట్ట, సిగరెట్ మానాలి. బలానికని ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేస్తామంటే వద్దని చెప్పండి. అది కణాల తయారీనే ఆపేస్తుంది. ఈ ఏడాది రాత్రి కాపలా వంతులు వేసుకుని, ఆయన్ను పొయ్యికి వీలైనంత దూరంగా ఉంచండి.

పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కూడా కారణం కనిపిస్తుంది. అయినా మాత్రలు మాత్రం ఆడపిల్ల గొంతులోకే పోతాయి. ఒంగోలులో నా ఓపీకి అత్తగారితో వచ్చిన కోడళ్లే ఎక్కువ, భర్తలు గేటు బయటే నిలబడేవారు. ఇది నాకు ఈనాటికీ బాధే.

ఇక మీ ఏఎంహెచ్. అది గుడ్లు ఎన్ని మిగిలాయో అంచనా చెబుతుంది. గుడ్డు మంచిదా కాదా, మామూలుగా కడుపు పండుతుందా లేదా చెప్పదు. భయపడకండి, కానీ ఏళ్లూ పూళ్లూ ఆగకండి. గుడ్డు గర్భసంచికి చేరే దారులైన మీ ట్యూబుల పరీక్ష గురించి ఒక్క ముక్క కూడా రాయలేదే! నెలసరి రక్తస్రావం తగ్గాక, నెలసరి మొదలైన రోజు నుంచి పదో రోజులోపు చేసే ఎక్స్‌రే అది. దారి మూసుకుపోయి ఉంటే ఎన్ని మాత్రలు మింగినా ఏం లాభం? టీబీ వల్ల కూడా ట్యూబులు దెబ్బతినవచ్చు గనుక, చిన్నప్పుడు ఆ మందులు వాడి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మీ ఆయన రిపోర్టు, మీ ట్యూబుల రిపోర్టు రెండూ వచ్చేదాకా మాత్రలు ఆపవచ్చేమో మీ డాక్టరునే అడగండి. ఒక నెల విరామం వల్ల కొంపేమీ మునగదు.

రొట్టె సంగతి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి తీసుకున్న రొట్టె అప్పు కాదమ్మా. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, తీరనివాళ్లు మళ్లీ అడుగుతారు. మనసుకు ధైర్యమిస్తే తలెత్తుకుని వెళ్లండి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు "ఏమన్నా విశేషమా" అని అడిగితే ఈసారి జవాబు మీ ఆయన చెప్పాలి. "ఇద్దరం చూపించుకుంటున్నాం" అంటే చాలు.

ఆ తర్వాత కూడా ఐవీఎఫే దారని తేలితే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. ఐవీఎఫ్ సెంటర్ల కోసం తెచ్చిన 2021 చట్టం ప్రకారం ఆ సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్టిఫికెట్ చూపించమనండి. "మీ దగ్గర నా వయసు వాళ్లలో ఎంతమంది బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లారు?" అని అడగండి, పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్ల లెక్క కాదు. ఇంజెక్షన్లు, పిండాలు ఫ్రీజ్ చేసే ఖర్చు కలిపి మొత్తం కాగితం మీద రాయించుకోండి. ఎంతవరకు పెడతారో, ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో మీరిద్దరే కూర్చుని ముందే అనుకోండి. వచ్చే పంటకు పెట్టుబడి పక్కన తీసి పెట్టాకే ఆ లెక్క మొదలుపెట్టండి.