రేకులు కాని రేకులు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. చివరి పేజీ బాగుంది. రెండో పేజీ చదివితే మాత్రం ఒళ్ళు మండింది. 'కాగితంలా గరగరలాడే పువ్వులన్నీ ఒకే వంశం' అని ఎంత తేలిగ్గా రాసేశావు! అసలు ఒక్క పువ్వునైనా కోసి చూశావా?

ఆస్ట్రేలియా కాగితపు డైసీని నిలువుగా కోసి, భూతద్దం కింద పెట్టు. నడుమ ఒత్తుగా ఉన్న పసుపు గొట్టాలే అసలు పువ్వులు. నువ్వు రేకులన్న ఆ బంగారు పొరలు పుచ్ఛాలు, అంటే పూగుత్తి చుట్టూ ఉండే ఆకుల్లాంటి పొరలు. గాలిలో తేమ పెరిగితే ముడుచుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి. ఇదంతా వదిలేసి 'వాడని అందం' అంటూ మూడు పేరాలు నింపావు.

ఇక వంశం మాట. 1803లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త వెంతెనా ఈ పువ్వును జెరాంథిమమ్ అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు. అసలైన జెరాంథిమమ్‌కీ కాగితం పొరలే ఉంటాయి, కానీ అది ముళ్ళ తిస్టిల్ మొక్కల తెగది. మన డైసీది నఫాలియే తెగ. ఆల్ప్స్ కొండల్లో పూసే తెల్లని ఎడెల్వైస్ కూడా అందులోదే. డైసీ కుటుంబంలో ఆ పొరలు రెండుచోట్లా విడివిడిగా పుట్టాయి. పొరలను నమ్ముకుంటే చుట్టాలను పోగొట్టుకుని పరాయివాళ్ళను కౌగిలించుకున్నట్టే. ఆ తర్వాత మన డైసీని హెలిక్రైసమ్ ప్రజాతిలోకి మార్చారు. 1990లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త త్స్వెలేవ్ జెరోక్రైసమ్ అని వేరు ప్రజాతి కట్టేదాకా చాలామంది ఆ పాత పేరుతోనే పిలిచారు. గులాబీ రంగు డైసీలదీ ఇదే కథ. హెలిప్టెరమ్ ప్రజాతి కింద ఉన్న ఆస్ట్రేలియా జాతులను వృక్షశాస్త్రవేత్త పాల్ విల్సన్ 1992లో రోడాంథి, ఇంకా కొన్ని ప్రజాతుల్లోకి సర్దాడు. నఫాలియేనే ఒకప్పుడు ఇన్యులే తెగలో కలిపేవారు. కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొస) ఎలా ఉంది, పుచ్ఛంలోని గట్టి కణజాలం చీలి ఉందా లేదా, పుప్పొడి గోడ ఎలా ఉంది అని ఓపిగ్గా చూసినవాళ్ళే దాన్ని విడదీశారు. డీఎన్ఏ పరీక్షలు తర్వాత వచ్చాయి.

'ఈ పేర్లు ఎవరికి కావాలండీ' అని ఒక సంపాదకుడు నా వ్యాసంలోంచి ప్రజాతుల పేర్లన్నీ కొట్టేసి, మిగిలిన పొగడ్తలు అచ్చేశాడు. ఆ రోజుల్లో నాకు సొంత భూతద్దం లేదు. ల్యాబ్ మూసేలోపు నిలబడి బొమ్మలు గీసుకుని, రాత్రి రాసిన వ్యాసం అది. ఆ కోపం ఇంకా పోలేదు. ఇప్పుడైతే ఫొటో పెద్దగా వేసి, కింద నాలుగు ముక్కలు చాలంటున్నారు. నువ్వు ఒప్పుకోకు. పేరు తీసేస్తే చుట్టరికం చెప్పడానికి దారే ఉండదు.

పారితోషికం గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ ఇప్పుడేమీ రాయను. ముందు రెండో పేజీ తిరగరాయి. కోసిన పువ్వు బొమ్మ నీ చేత్తోనే గీసి, ఏది పుచ్ఛమో ఏది పువ్వో గుర్తుపెట్టి, వ్యాసంతో కలిపి పంపు.