మీరు కనబడాలా, మీరు చూసింది కనబడాలా?

ప్రశ్న: మేడమ్, స్నోబోర్డింగ్‌లో నాకిది రెండో సీజన్. కుడికాలు ముందు పెట్టి వెళ్తాను. నేను దిగేదంతా వీడియో తీసుకుందామని హెల్మెట్ కెమెరా కొనాలనుకుంటున్నాను. ఫ్రెండ్స్ 8కె (బోలెడు పిక్సెళ్లతో వచ్చే వీడియో) ఉన్నదే కొను, లేకపోతే తర్వాత బాధపడతావు అంటున్నారు. మా అన్నయ్య స్కీయింగ్ చేస్తాడు. హెల్మెట్ ఎందుకు, ఛాతీకి బెల్టు కట్టుకుని దానికి పెట్టుకో, వీడియో కుదురుగా వస్తుంది అంటాడు. చలికి బ్యాటరీ ఇట్టే అయిపోతుందని ఇంకో టెన్షన్. ఏది కొనమంటారు?

జవాబు: ముందు మీ అన్నయ్యగారి సలహా పక్కన పెట్టేద్దాం. ఆయన వరకు అది సరైనదే. స్కీయింగ్ చేసేవాళ్ల ఛాతీ వెళ్లే దిక్కుకే తిరిగి ఉంటుంది కాబట్టి చేతులు, కర్రలు, స్కీల మొనలు అన్నీ ఫ్రేములోకి చక్కగా వస్తాయి. మనం రెండు కాళ్లూ ఒకే బోర్డు మీద పెట్టి పక్కకు తిరిగి నిలబడతాం. కుడికాలు ముందుండే మీ ఛాతీ దారికి ఎడమవైపు చూస్తుంటుంది. అక్కడ కెమెరా కడితే దారి పక్క చెట్లన్నీ వరసగా రికార్డవుతాయి, దారి మాత్రం కనబడదు. మన ఒంట్లో వెళ్లే దిక్కుకు తిరిగి ఉండేది తల ఒక్కటే. స్నోబోర్డర్లు హెల్మెట్‌నే నమ్ముకోవడానికి అసలు కారణం ఇది.

ఇక మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాను. "నేను దిగేదంతా" అన్నారు. హెల్మెట్ కెమెరాలో మీరు కనబడరు. మీ ముందు చెయ్యి, అప్పుడప్పుడు బోర్డు మొన, మిగతాదంతా మంచు. బోర్డు నేర్పడం నా వృత్తి. నేర్చుకునేవాళ్లు తెచ్చే వీడియోలు చూసి ఎక్కడ పొరపాటు పడుతున్నారో చెబుతుంటాను. హెల్మెట్ వీడియో చూసి నేను చెప్పగలిగేది ఒక్కటే: మీరు ఎటు చూస్తున్నారో. మోకాళ్లు వంగాయా, బరువు వెనక కాలి మీద ఉందా, భుజాలు తిరిగాయా, ఇవేవీ అందులో తెలియవు. కాబట్టి కొనే ముందు తేల్చుకోవలసింది వీడియోలో ఎవరు ఉండాలన్నది. మీరు చూసిన కొండ, మీ ముందు వెళ్తున్న ఫ్రెండ్ కావాలంటే హెల్మెట్ కెమెరా. మీరే కావాలంటే అదే కెమెరాను చిన్న కర్రకు బిగించి ఫ్రెండ్ చేతికిచ్చి మీ వెనకే రమ్మనాలి. ఆ ఫ్రెండ్ మీకంటే బాగా బోర్డు చేసేవాడై ఉండాలి, అది వేరే సంగతి.

మీరు కనబడాలి, తీసేవాళ్లు లేరు అంటే 360 డిగ్రీల కెమెరా ఉంది. ఇన్‌స్టా360 ఎక్స్4 లాంటిది కర్రకు పెట్టి చేత్తో పట్టుకుంటే చుట్టూ ఉన్నదంతా తీస్తుంది, కర్ర వీడియోలో మాయమవుతుంది, ఏ వైపు చూపించాలో తర్వాత తీరిగ్గా ఎంచుకోవచ్చు. 8కె అన్న మాటకు అర్థం ఉన్నది ఇలాంటి కెమెరాలోనే. ఆ పిక్సెళ్లన్నీ చుట్టూరా పరుచుకుంటాయి, మీరు అందులోంచి ఒక ముక్క కోసుకుంటారు. మామూలు హెల్మెట్ కెమెరాకు 8కె దండగ అని నా అభిప్రాయం. దానికి 4కెయే సరిపోయి మిగులుతుంది. 360 కెమెరాను మాత్రం హెల్మెట్ మీద పెట్టకండి. 200 గ్రాముల బరువు, పైగా రెండు పక్కలా ఉబ్బిన అద్దాలు. ఒక్కసారి పడితే గీత పడుతుంది, ఆ గీత ప్రతి వీడియోలోనూ ఉంటుంది. 2025లో వచ్చిన ఎక్స్5లో అద్దాలు మనమే మార్చుకునే వీలు పెట్టారంటే ఈ బాధ ఎంతమందికి ఉందో అర్థం చేసుకోండి.

హెల్మెట్ కెమెరాయే అని ఖాయం చేసుకుంటే, మోడల్ కన్నా ముందు చోటు చూసుకోండి. నడినెత్తిన పెడితే అన్నిటికంటే ఎత్తునుంచి కనబడుతుంది. కానీ కొండపైకి తీసుకెళ్లే లిఫ్ట్ కుర్చీలో సేఫ్టీ బార్ దించిన ప్రతిసారీ అది టంగుమని తగులుతుంది, చెట్ల మధ్య దూరితే కొమ్మలు పట్టుకుంటాయి. నాకు నచ్చే చోటు నుదుటి దగ్గర, గాగుల్స్‌కు కాస్త పైన. కళ్లు చూసేదానికి దగ్గరగా ఉంటుంది, బరువు ఒక పక్కకు లాగదు. పక్కన పెట్టాలంటే కెమెరా చాలా తేలికగా ఉండాలి. మీలా కుడికాలు ముందుండేవాళ్లు హెల్మెట్‌కు ఎడమ పక్కన పెడితే మేలు. మీ ఛాతీ ఉన్న వైపు అదే కాబట్టి చేతులు ఎక్కువగా ఫ్రేములో పడతాయి. ఎడమకాలు ముందుండేవాళ్లకు ఇది తిరగబడుతుంది.

ఇప్పుడు బరువులు చూడండి. గోప్రో హీరో12 బ్లాక్ 154 గ్రాములు, డీజేఐ ఓస్మో యాక్షన్ 4 అయితే 145 గ్రాములు. నుదుటి మీద ఇవి ఫరవాలేదు. పక్కన కడితే సాయంత్రానికి మెడ చెబుతుంది, హెల్మెట్ కూడా ఒక పక్కకు ఒరుగుతుంటుంది. పక్కకైతే ఇన్‌స్టా360 గో 3ఎస్ లాంటిది నయం, 39 గ్రాములే, 4కె తీస్తుంది. దాని లోటు బ్యాటరీ. దాని చార్జింగ్ పెట్టెలోంచి విడిగా తీస్తే ముప్పావు గంట కూడా నడవదు, చలిలో ఇంకా తక్కువ. ఒక్కో దిగుడు తీసి లిఫ్ట్‌లో మళ్లీ పెట్టెలో పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది.

ఒకప్పుడు హెల్మెట్ పక్కకని గొట్టంలా ఉండే కెమెరాలే చేసేవాళ్లు. కాంటూర్ కెమెరాలో లేజర్ చుక్కలు వచ్చేవి, గోడ మీద వేసి చూసుకుంటే వంకర లేకుండా బిగించుకోవచ్చు. డ్రిఫ్ట్‌లో లెన్స్ తిప్పుకునే వీలుండేది. గాలికి అడ్డం పడని ఆకారం, హెల్మెట్‌కు అంటిపెట్టుకుని ఉండేవి. మార్కెట్‌లో గెలిచింది మాత్రం అగ్గిపెట్టె ఆకారం. స్నోబోర్డర్లకు అది నష్టమే అని నేనిప్పటికీ అంటుంటాను, వినేవాళ్లు లేరు.

బ్యాటరీ గురించి మీ భయం నిజమే, కానీ సగమే. చలిలో లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా అడిగినంత కరెంటు ఇవ్వబోయి వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఖాళీ అయిందనుకుని ఆగిపోతుంది. చార్జి ఎక్కడికీ పోలేదు. లోపలి జేబులో ఒంటికి ఆనించి కాసేపు ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. అందుకని రెండు బ్యాటరీలు అదనంగా కొని, జాకెట్ బయటి జేబులో కాకుండా లోపలి జేబులో పెట్టుకోండి. గడ్డకట్టేంత చల్లగా ఉన్న బ్యాటరీని చార్జింగ్ పెట్టొద్దు, అది నిజంగా పాడవుతుంది. గోప్రోవాళ్లు చలికోసమే ఎండ్యూరో అనే బ్యాటరీ చేశారు, 2022 నాటి హీరో11 నుంచి అదే కెమెరాతో వస్తోంది. ఓస్మో యాక్షన్ 4 మైనస్ 20 డిగ్రీల దాకా పనిచేస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ల మాట. సెకండ్‌హ్యాండ్ చూస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి: హీరో9 నుంచి హీరో12 దాకా బ్యాటరీ ఒకటే, హీరో13కు వేరు.

గ్లవ్స్‌తో టచ్ స్క్రీన్ పనిచేయదు. తల మీద ఉన్నదాని ఎర్ర లైటూ మీకు కనబడదు. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక్క బటన్ నొక్కితే చాలు నేరుగా రికార్డింగ్ మొదలయ్యేది తీసుకోండి, నొక్కగానే వచ్చే శబ్దం గట్టిగా పెట్టుకోండి. మాటతో నడిచే కంట్రోల్ గాలి హోరులో మిమ్మల్ని పట్టించుకోదు.

ఇంతకీ ఏది కొనాలి అంటే: అప్పుడప్పుడు ఫ్రెండ్ చేతికి ఇచ్చి మిమ్మల్ని తీయించుకునే ఉద్దేశం ఉంటే, మీ ఉత్తరం చూస్తే ఉన్నట్టే ఉంది, ఓస్మో యాక్షన్ 4 గానీ హీరో12 గానీ తీసుకుని నుదుటి మీద పెట్టండి. 8కె కోసం దాచిన డబ్బులో మిగిలింది బ్యాటరీలకు, మంచి కార్డుకు పెట్టండి. కార్డు మీద రాసే వేగాన్ని చెప్పే వి30 అన్న గుర్తు ఉండాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాసే వీడియో గంటకు 45 జీబీ తింటుంది, కాబట్టి చిన్న కార్డు కొనొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి హెల్మెట్‌కు కెమెరా అతికించుకుంటానంటున్నాడు. పడినప్పుడు అదే తలకు గుచ్చుకుంటుందేమోనని నా భయం. అతికించినది ఊడిపోతుందని వాడి భయం. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదమ్మా. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ఫార్ములా వన్ కారు రేసర్ మైకేల్ షూమాకర్ స్కీయింగ్ చేస్తూ పడి తలకు తీవ్రంగా గాయపడినప్పుడు ఆయన హెల్మెట్‌కు కెమెరా ఉంది. దానివల్లే గాయం పెద్దదయిందా అని అప్పట్లో చాలా చర్చ జరిగింది. కెమెరాయే కారణమని తేలలేదు. దర్యాప్తు చేసినవాళ్లు ఆ కెమెరాలోని వీడియోను కూడా చూశారు. నేను గమనించమనేది ఇంకో విషయం. మంచు హెల్మెట్ల మీద ఉండే ఈఎన్ 1077, ఏఎస్‌టీఎం ఎఫ్2040 అనే భద్రతా ప్రమాణాల గుర్తులు ఉత్త హెల్మెట్‌కు చేసిన పరీక్షలకు వచ్చినవి. గట్టి పెట్టె ఒకటి పైన అతికించాక ఏమవుతుందో ఆ గుర్తు చెప్పదు.

అందువల్ల గట్టిగా తగిలితే కెమెరా ఊడిపోవాలి. అబ్బాయికి ఇది నచ్చదు, అయినా అంతే. స్క్రూ కోసం హెల్మెట్‌కు రంధ్రం వేయడం, బలమైన జిగుర్లు పూయడం ఒప్పుకోవద్దు. కొన్ని జిగుర్లు పై పెంకునే తినేస్తాయి. కెమెరాతో వచ్చే స్టికర్ చాలు. మంచులో పోకుండా సన్నటి చిన్న తాడు ఒకటి కట్టుకోమనండి. జంప్‌లు నేర్చుకునే రోజుల్లో, చెట్ల మధ్యకు వెళ్లేటప్పుడు కెమెరా తీసేయాలని షరతు పెట్టండి. నేనూ నా దగ్గరకొచ్చే పిల్లలకు అదే చెబుతాను.

మామూలుగా వెళ్తుంటే ఊడిపోయేది చాలావరకు స్టికర్ తప్పు కాదు. పొద్దున్నే బయల్దేరబోతూ చలిలో, తడి హెల్మెట్‌కు అతికించేవాళ్లే ఎక్కువ. ముందురోజు గదిలో, శుభ్రంగా తుడిచి ఆరబెట్టిన హెల్మెట్‌కు, వంపు తిరిగిన చోటికి వంపు స్టికర్ వేసి 24 గంటలు వదిలేయాలి. గరుకుగా, మెరుపు లేకుండా ఉండే పెయింట్ మీద పట్టు తక్కువ. కోణం సరిచూసుకోవడం అద్దం ముందు నిటారుగా నిలబడి చేయకూడదు. మోకాళ్లు వంచి, వెళ్లేటప్పుడు తల ఎలా ఉంటుందో అలా పెట్టి చూసుకోవాలి. లేకపోతే ఫుటేజీ అంతా మంచే.

ప్రశ్న: నా వీడియోల్లో మంచు నీలంగా వస్తోంది. సాయంత్రం తీసినవి వణుకుతున్నట్టుంటాయి. ఎంత నిటారు వాలు దిగినా వీడియోలో మైదానంలా కనబడుతుంది. కెమెరా మార్చాలా?

జవాబు: మార్చొద్దు. నీడలో మంచు నిజంగానే నీలంగా ఉంటుంది, ఆకాశం రంగు అది. తెలుపును తెలుపుగా చూపించేందుకు కెమెరా తనంతట తాను రంగులు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ ఎండలోంచి నీడలోకి వెళ్లినప్పుడల్లా రంగు మారుస్తుంది కాబట్టి దాన్ని ఒకచోట నిలిపేయండి: ఎండకు 5500 కెల్విన్, మబ్బుకు 6500. వెలుతురు కొలిచే మీటర్ తెల్లటి మంచును చూసి బూడిదరంగుకు దించుతుంది. వీడియో తీసేటప్పుడే వెలుగును మరీ పెంచకండి, ఎడిటింగ్‌లో పెంచుకోండి. తెల్లగా కాలిపోయిన మంచులో బోర్డు గీతలు ఇక తిరిగి రావు.

సాయంత్రపు వణుకు స్టెబిలైజేషన్‌ది, అంటే కుదుపులు సరిచేసే సాఫ్ట్‌వేర్‌ది. వెలుతురు తక్కువైతే షట్టర్ నెమ్మదిస్తుంది, ప్రతి ఫ్రేములో మసక ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కదలికను సరిచేసినా ఆ మసక అలాగే మిగులుతుంది. సెకనుకు 60 ఫ్రేములు పెడితే కొంత తగ్గుతుంది. ఎండ దిగాక ఆపేయడమే మంచిది.

మూడోదానికి కారణం వైడ్ లెన్స్. దూరాలు సాగదీస్తుంది, వాలును చదును చేస్తుంది. దీనితో మోసపోని స్నోబోర్డర్ లేడు. కెమెరా సెట్టింగుల్లో కోణాన్ని లీనియర్ అన్నదానికి తగ్గించండి. ఫ్రేములో నిటారుగా ఉన్నదేదో, చెట్టో, కంచె కర్రో, ముందు వెళ్తున్న మనిషో ఉండేలా చూసుకోండి, అప్పుడు వాలు ఎంతో కంటికి తెలుస్తుంది. ఆ మనిషికి రెండు మూడు మీటర్ల దూరంలో వెళ్తేనే అతను మనిషిలా కనబడతాడు, పది మీటర్లు దాటితే చుక్క అయిపోతాడు. వీడియోలో నేలను ఎప్పుడూ సమంగా నిలిపి ఉంచే హొరైజన్ లాక్ ఆన్‌లో ఉంటే తీసేయండి. మలుపులో మీరు ఒరిగినప్పుడు నేల కూడా ఒరగాలి. ఆ లాక్ మీ ఒరుగుడంతా తుడిచేస్తోంది.