ఇరవయ్యో తేదీ గండం

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. బీకాం కంప్యూటర్స్ చదివింది. ఎనిమిది నెలలుగా విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ పని చూస్తోంది. 42 పార్టీల, అంటే వాళ్ల ఆఫీసుకి లెక్కలు అప్పగించే వ్యాపారుల ఫైళ్లు తన చేతిలో ఉన్నాయి. నెలలో మొదటి వారం సాయంత్రం ఆరున్నరకల్లా హాస్టల్లో ఉంటుంది. తర్వాత తర్వాత ఎనిమిది, తొమ్మిదిన్నర. గత నెల 20న రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. ముగ్గురి రిటర్నులు వేయలేకపోయిందట, ఆడిటర్ గారు అందరి ముందూ కేకలేశారట. ‘నాకు టైం మేనేజ్‌మెంట్ రాదు నాన్నా, ఇది నా వల్ల కాదు’ అంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ధైర్యం చెబుతూనే ఉన్నాం. మానిపించి బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇప్పుడే మానిపించకండి. ఇంకో మూడు నెలలు చూద్దాం.

మీ అమ్మాయికి టైం వాడుకోవడం రాదన్నది నిజం కాదు. మొదటి వారం ఆరున్నరకి హాస్టల్‌కి చేరుతోందని మీరే రాశారు. పని రాని మనిషైతే 3వ తేదీన కూడా తొమ్మిదింటికే వస్తుంది. తేడా అమ్మాయిలో లేదు, ఆ నెల నడిచే తీరులో ఉంది. ఇకపై రాసేదంతా అమ్మాయికే. మీరు చదివాక తనకి పంపండి. చివర్లో మీకో మాట ఉంది, అది మాత్రం మీరు తప్పించుకోకూడదు.

అమ్మా, నీ నెలని ఒకసారి కాగితం మీద పెట్టి చూడు. 7న టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసుకున్న పన్ను కట్టాలి. 11న జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్న్. 14న 2బీ, అంటే పార్టీ కొన్న సరుకు బిల్లుల జాబితా పోర్టల్లో వస్తుంది. 15న పీఎఫ్, ఈఎస్ఐ. 20న 3బీ, అంటే పన్ను కట్టి వేసే నెల రిటర్న్. మూడు నెలలకోసారి వేసే చిన్న పార్టీలుంటే మన రెండు రాష్ట్రాల్లో వాళ్లకి ఆర్-1కి 13, 3బీకి 22. ఈ తేదీలు మీ ఆడిటర్ గారు పెట్టినవి కావు, ఆయన మార్చగలిగినవీ కావు. పోర్టల్ మొరాయించినప్పుడు ఎప్పుడైనా గడువు పెంచుతారు. దాని మీద ఆశ పెట్టుకుని మాత్రం కూర్చోకు.

ఇప్పుడు చిన్న లెక్క. నీ 42 ఫైళ్లలో 30 ఫైళ్లు 18 నుంచి 20 మధ్యకి వచ్చి పడుతున్నాయనుకుందాం. ఒక్కో 3బీకి, 2బీతో సరిచూసి, ఎంత కట్టాలో చెప్పి, వేసేసరికి ముప్పావుగంట. 30 ఫైళ్లకి ఇరవై రెండున్నర గంటలు. మూడు రోజుల మీద పంచితే రోజుకి ఏడున్నర గంటలు. అది కూడా ఫోన్లు రాకుండా, కరెంటు పోకుండా, టీ తాగకుండా, ఎవరూ ‘అమ్మా ఒక్క నిమిషం’ అనకుండా. అలాంటి ఆఫీసు నేనింతవరకు చూడలేదు. నువ్వు ఎంత వేగంగా ఎంట్రీలు కొట్టినా ఈ లెక్క మారదు. కీబోర్డు మీద వేగం పెంచుకోమని నీకెవరైనా సలహా ఇస్తే వినకు.

మారాల్సింది కాగితాలు నీ దగ్గరికి వచ్చే రోజు. జీఎస్టీ పనిలో సగం చేసేది, సగం తెప్పించుకునేది. చేసే పని నీకు కాలేజీలోనూ టాలీ క్లాసులోనూ నేర్పారు. తెప్పించుకునే పని ఎవరూ నేర్పరు, అది పనేనని కూడా ఎవరూ చెప్పరు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపాయన పర్చేజ్ బిల్లులు 17న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపుతాడు. అందులో సగం మసకగా ఉంటాయి. మరికొన్నింట్లో సరిగ్గా జీఎస్టీ నంబరు మీదే ఆయన బొటనవేలు ఉంటుంది. మర్నాడు ఆ బిల్లులు మళ్లీ అడిగి, మళ్లీ తెప్పించుకుని, అప్పుడు మొదలుపెడతావు. నీ ముప్పావుగంట అక్కడే గంటన్నర అయింది.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో 20వ తేదీ రాత్రి జరిగింది చెబుతాను. ఫైలు సిద్ధం, డబ్బు కట్టారు, అంతా బాగుంది. రిటర్న్ వేయాలంటే ఓటీపీ కావాలి. అది వెళ్లేది ఓనర్ సెల్లుకి. ఆయన కుటుంబంతో అన్నవరం వ్రతానికి వెళ్లారు, సెల్లు వాళ్లావిడ సంచిలో ఉంది. ఆఫీసులో ఆ ఫైలు చూసే పిల్ల ఎనిమిది గంటల నుంచి పన్నెండు దాకా ఫోన్ చేస్తూనే ఉంది. రిటర్న్ 21న పడింది. తప్పెవరిది? తిట్లు మాత్రం ఆ పిల్లకే.

కాబట్టి రేపే ఒక పెద్ద రిజిస్టరు తీసుకో. ఎక్సెల్ వద్దా అంటావేమో. ఎక్సెల్ మంచిదే, కానీ దాన్ని మూసేస్తే కనబడదు. నీ బల్ల మీద ఎప్పుడూ తెరిచి ఉండే కాగితం కావాలి. ఎడమ పక్కన 42 పేర్లు. పైన వరసగా గళ్లు: సేల్స్ బిల్లులు వచ్చాయా, పర్చేజ్ బిల్లులు వచ్చాయా, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆర్-1 వేశామా, 2బీ చూశామా, ఎంత కట్టాలో చెప్పామా, కట్టారా, 3బీ వేశామా. గడిలో టిక్కు పెట్టొద్దు, తేదీ వెయ్యి. టిక్కు పని అయిందని మాత్రమే చెబుతుంది. ఎవరు నెల నెలా ఎన్ని రోజులు ఆలస్యం చేస్తున్నారో తేదీలు చెబుతాయి. రెండు నెలలు అలా రాస్తే, 42 మందిలో నిన్ను నిజంగా ఏడిపిస్తున్నది ఓ ఏడెనిమిది మందేనని నీకే కనిపిస్తుంది. పేర్లు నీకు ఇప్పుడే తెలుసు కూడా, చదువుతూ నవ్వుకుంటూ ఉంటావు.

ఆ ఏడెనిమిది మందికి మెసేజ్ పెట్టడం దండగ. 1, 2 తేదీల్లో ఫోనే చెయ్యి. పొద్దున షాపు తెరిచి, దేవుడికి అగరొత్తి వెలిగించి, గిరాకీ మొదలయ్యే లోపు కాసేపు ఖాళీగా ఉంటారు చూడు, అప్పుడు చెయ్యి. సాయంత్రం చేస్తే ‘రేపు పంపిస్తానమ్మా’ అనే మాటే వస్తుంది. ఇంకో సంగతి. బిల్లులు ఓనర్ దగ్గర ఉండవు, గుమాస్తా దగ్గర ఉంటాయి. ఆ గుమాస్తా నంబరు సంపాదించు, ఆయన్ని ‘బాబాయ్ గారూ’ అని పలకరించు. ఓనర్‌కి పదిసార్లు చేసిన ఫోన్ కన్నా ఇది నయం.

అడిగేటప్పుడు ‘బిల్స్ పంపండి సార్’ అని ఊరుకోకు. ‘5వ తేదీ సాయంత్రానికి సేల్స్ బిల్లులు ఇస్తే 8న మీది వేసేస్తానండి. పోయిన నెల 31 నుంచి 34 దాకా నంబర్ల బిల్లులు రాలేదు, అవి కూడా’ అని అడుగు. తేదీ, నంబరు చెప్పి అడిగితే ఎదుటివాడికి తప్పించుకునే సందు ఉండదు.

14న 2బీ రాగానే ముందు పెద్ద పార్టీలవి తీసి చూడు. సరుకు అమ్మినవాడు 11 దాటాక ఆర్-1 వేసి ఉంటే ఆ బిల్లు ఈ నెల 2బీలో రాదు, ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి దొరికే తగ్గింపు, వచ్చే నెలకి పోతుంది. అంటే మీ పార్టీ ఈ నెల చేతి నుంచి ఎక్కువ కట్టాలి. ఈ మాట 16న చెబితే ఆయన డబ్బు సర్దుకుంటాడు. 20న మధ్యాహ్నం చెబితే నీ మీద అరుస్తాడు, ఆ అరుపులో న్యాయం కూడా ఉంటుంది. అదే ఫోన్‌లో ‘19న సాయంత్రం నాలుగింటికి ఓటీపీ అడుగుతానండి, ఊళ్లో ఉంటారా?’ అని కూడా అడిగెయ్యి. అన్నవరం గొడవ అక్కడే తీరిపోతుంది.

సిద్ధమైన ఫైలుని 20 దాకా ఆపొద్దు. వ్యాపారమే లేని నిల్ రిటర్నులు నెల మొదటి రెండు రోజుల్లోనే వేసెయ్యి. వాటికి దేనికోసమూ ఎదురుచూడక్కర్లేదు. 12, 13 తేదీల్లో ఆఫీసులో ఒక రకమైన సెలవు వాతావరణం ఉంటుంది చూశావా, ఆర్-1 అయిపోయిందని అందరూ వెనక్కి వాలతారు. ఆ రెండు రోజులు పర్చేజ్ ఎంట్రీలు పూర్తి చేసుకున్నవాళ్లు 20న ఏడుంపావు బస్సెక్కుతారు.

ఇక ఆడిటర్ గారు. నేను ఉద్యోగం మొదలుపెట్టింది ఒక రవాణా కంపెనీలో అకౌంట్స్ గుమాస్తాగా. అప్పట్లో చలాన్లు బ్యాంకు కౌంటర్లో కట్టేవాళ్లం. మా మేనేజరు నా బల్ల పక్కనుంచి వెళ్తూ వెళ్తూ పని చెప్పేవాడు. నేను తలెత్తకుండా ‘అలాగే సార్’ అనేవాణ్ని. ఒక 7వ తేదీన అలా చెప్పిన టీడీఎస్ చలాన్ నా సొరుగులోనే ఉండిపోయింది. 8న కట్టాం. ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ వడ్డీని నెలల లెక్కన వేస్తారు, నెలకి ఒకటిన్నర శాతం, నెలలో ఒక్క రోజు పడ్డా నెల కిందే లెక్క. పన్ను కోసుకున్న పోయిన నెలా, కట్టిన ఈ నెలా కలిపి రెండు నెలల వడ్డీ పడింది. ఆ రోజు నుంచి నేను ‘అలాగే సార్’ అనే ముందు పెన్ను తీసేవాణ్ని. ఆయన నిలబడి ఉండగానే రాసుకునేవాణ్ని. రెండు వారాలకి ఆయన నడుస్తూ చెప్పడం మానేశాడు, నా బల్ల దగ్గర ఆగి చెప్పడం మొదలుపెట్టాడు.

నీకూ అదే చెబుతున్నాను. 19న ఉదయం ఆడిటర్ గారు పన్ను శాఖ నోటీసు ఒకటి తెచ్చి ‘అమ్మా, ఇది చూడు’ అంటే కుదరదనకు. అలాగేనని మింగేయకు కూడా. రిజిస్టరు తీసుకుని లోపలికి వెళ్లు. ‘సార్, దీనికి గంటన్నర పడుతుంది. ఈ రోజు నా దగ్గర పదకొండు 3బీలున్నాయి, వాటిలో నాలుగింటికి డబ్బు కట్టేశారు, ఓటీపీ ఒక్కటే మిగిలింది. నోటీసు గడువు ఎప్పటిదాకా ఉంది సార్? ఏది ముందు చేయమంటారు?’ అని అడుగు. చాలాసార్లు నోటీసుకి ఇంకా పది రోజులు టైం ఉంటుంది, ఆయన టెన్షన్‌లో చేతిలో ఉన్నది నీ చేతిలో పెట్టి ఉంటాడు. ఏది ముందో తేల్చడం ఆయన పని. తేల్చడానికి కావలసిన లెక్క ఆయన ముందు పెట్టడం నీ పని.

గత నెల మూడు రిటర్నులు తప్పాయని మీ నాన్నగారు రాశారు. ఎంత నష్టం జరిగిందో చూద్దాం. 3బీ ఒక రోజు ఆలస్యమైతే లేటు ఫీజు 50 రూపాయలు, నిల్ అయితే 20. లక్ష రూపాయల పన్ను ఒక రోజు ఆలస్యంగా కడితే ఏడాదికి 18 శాతం చొప్పున సుమారు 49 రూపాయల వడ్డీ. రాత్రంతా ఏడవాల్సినంత డబ్బు కాదు. అయితే ఆడిటర్ గారికి పోయేది ఆ డబ్బు కాదు, పార్టీ దగ్గర ఆయన మాట. కేకలు అందుకు. అందరి ముందూ వేయడం మాత్రం తప్పే, నేను సమర్థించను.

ఒకవేళ రెండు మూడు నెలలు ఇలా చేసినా, బిల్లులు ముందే వచ్చినా, నెలంతా తొమ్మిదింటికే హాస్టల్ చేరుతున్నావనుకో. అప్పుడది నిజంగానే ఇద్దరి పని. ఆ రిజిస్టరు పట్టుకుని 22 తర్వాత ఒక ప్రశాంతమైన మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్లు. ‘కష్టంగా ఉంది సార్’ అనొద్దు. ఫైళ్ల సంఖ్య చూపించు, తేదీలు చూపించు, పది ఫైళ్లు ఇంకొకరికి ఇమ్మని అడుగు. ఆయన అప్పుడు కూడా కేకలేస్తే వేరే ఆఫీసు చూసుకో. ఏడాది పాటు 42 పార్టీల జీఎస్టీ సొంతంగా చూసిన పిల్లకి విజయవాడలోనే కాదు, హైదరాబాద్ కంపెనీల అకౌంట్స్ విభాగాల్లోనూ పని దొరుకుతుంది.

ఇక మీ మాటకొస్తాను. బ్యాంకు ఉద్యోగం అమ్మాయికి ఇష్టమైతే తప్పకుండా రాయించండి, క్లర్కు పరీక్షకి జనరల్ వాళ్లకైనా 28 ఏళ్ల దాకా అవకాశముంది. కానీ ఆఫీసు ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికి బ్యాంకుకి పంపితే, అక్కడ కౌంటరు ముందు క్యూ, సాయంత్రం క్యాష్ లెక్క తేలే దాకా కదలలేకపోవడం ఎదురుచూస్తుంటాయి. నెలకోసారి వచ్చే గండం అక్కడ రోజూ సాయంత్రం వస్తుంది.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి ధైర్యం చెబుతున్నామన్నారు. ఎన్నింటికి? ఆరింటికే అయితే మీ ఫోన్ కూడా ఆ పిల్ల పక్కన నిలబడి ‘అమ్మా ఒక్క నిమిషం’ అనేవాళ్లలో ఒకటి. ‘ఇంకా బయల్దేరలేదా తల్లీ’ అని మీరు ప్రేమగానే అడుగుతారు. తను చేతిలో పని వదిలి, వరండాలోకి వచ్చి, మీకు ధైర్యం చెప్పి, మళ్లీ లోపలికి వెళ్లి ఎక్కడ ఆపిందో వెతుక్కోవాలి. 11 నుంచి 20 దాకా మీరు చేయకండి, హాస్టల్‌కి చేరాక తనే చేస్తుంది. తర్వాత వచ్చే ఆదివారం తెనాలి రమ్మనండి, కడుపునిండా పెట్టండి, ఆఫీసు సంగతి తను ఎత్తితేనే మాట్లాడండి.

రిజిస్టరు మీరే కొనిపెడతానంటే మంచిదే. స్టేషనరీ షాపులో మామూలు గీతల పుస్తకం ఇస్తారు, తీసుకోకండి. నిలువు గళ్లున్న పెద్ద లెడ్జర్ సైజుది అడగండి. 42 పేర్లూ ఒకే పేజీలో పట్టాలి.