ముందు మూయడం నేర్పు

చిరంజీవికి,

కరెన్సీలు, షేర్లు కొని అమ్మడానికి వాడే మెటాట్రేడర్ 5 సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా వాడేవాళ్ల కోసం నువ్వు రాస్తున్న చేతిపుస్తకం విషయసూచిక చూశాను. ఫైల్, వ్యూ, ఇన్సర్ట్, చార్ట్స్, టూల్స్ అంటూ తెర మీద మెనూలు ఏ వరసలో ఉన్నాయో నీ అధ్యాయాలూ అదే వరసలో నడిచాయి. అంతా తెలిసినవాళ్లు ఏదో ఒకటి వెతుక్కోవడానికి ఆ వరస పనికొస్తుంది. మొదటిసారి ఆ తెర ముందు కూర్చుని, ఎక్కడ చెయ్యి పెడితే ఏమవుతుందో అని జంకుతున్న మనిషికి పనికిరాదు. ఆ మనిషికి పని వరస కావాలి. అందులో అన్నిటికంటే ముందు రావలసింది ఆర్డర్ పెట్టడం కాదు, తెరిచిన పొజిషన్‌ను, అంటే కొని లేదా అమ్మి మన చేతిలో ఉన్నదాన్ని, మూయడం.

తెరవనిదాన్ని మూసేదెలా అంటావు. తెరవడానికి అరపేజీ చాలు. డెమో ఖాతాలో (అసలు డబ్బు లేని సాధన ఖాతాలో) ఎఫ్9 నొక్కమను, వాల్యూమ్ గడిలో 0.01 వేయమను, ‘బై బై మార్కెట్’ (Buy by Market) బటన్ నొక్కమను. లిమిట్ అంటే ఏమిటి, స్టాప్ అంటే ఏమిటి అన్న వివరణ అక్కడ ఒక్క ముక్క కూడా వద్దు. ఆ తర్వాత రెండు పేజీలు మూయడానికి ఇవ్వు. కంట్రోల్, టి కలిపి నొక్కితే కింద టూల్‌బాక్స్ వస్తుంది. అందులో ట్రేడ్ ట్యాబ్‌లో మనం తెరిచిన పొజిషన్ ఒక వరసగా కనిపిస్తుంది. ఆ వరస మీద రైట్ క్లిక్ చేసి ‘క్లోజ్ పొజిషన్’ ఎంచుకోవాలి. విండో ఏదైనా వస్తే అందులో క్లోజ్ బటన్ నొక్కాలి. మూసుకోగానే ఆ వరస అక్కడ మాయమై హిస్టరీ ట్యాబ్‌లోకి వెళుతుంది. ఈ తెరవడం, మూయడం పాఠకుల చేత పదిసార్లు చేయించు. చెయ్యి దానికి అలవాటు పడ్డాకే మిగతా పాఠం.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసే చోటు ఇదే. యూరో కొన్నారు, ధర పడిపోతోంది, బయటపడాలి. కొన్నదాన్ని వదిలించుకోవాలంటే అమ్మాలి కదా అని ‘సెల్’ నొక్కుతారు. ఖాతా నెట్టింగ్ పద్ధతిదైతే సమానమైన ‘సెల్’ పాత ‘బై’ను రద్దు చేస్తుంది. హెడ్జింగ్ పద్ధతిదైతే పాతది అలాగే ఉండి, దాని పక్కన రెండో పొజిషన్ తెరుచుకుంటుంది. నష్టం అక్కడికి గడ్డకట్టినట్టు ఆగినా రెండో స్ప్రెడ్ (కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా) మీద పడుతుంది, రాత్రి దాటితే రెండు పొజిషన్లకూ స్వాప్ (రాత్రి దాటించినందుకు వేసే వడ్డీ) లెక్క నడుస్తుంది. మూశామనుకున్న మనిషి కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోతాడు. కాబట్టి లాగిన్ అయిన వెంటనే టూల్‌బాక్స్‌లోని జర్నల్ ట్యాబ్‌లో తన ఖాతా ఏ పద్ధతిదో పాఠకుడి చేతే చదివించు. ఆ వాక్యం అక్కడే ఉంటుంది, చూసేవాళ్లే ఉండరు.

ఆపడం గురించి నేనింతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ వాళ్ల ఎనిమిది సర్వర్లలో ఒకదానిలో కొత్త ప్రోగ్రామ్ ఎక్కలేదు. అందులో పడి ఉన్న పాత కోడ్ పనిచేయడం మొదలుపెట్టి 45 నిమిషాలపాటు అక్కర్లేని ఆర్డర్లు గుప్పించింది. నష్టం 44 కోట్ల డాలర్లకు పైనే. ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసిపెట్టిన పద్ధతి వాళ్ల దగ్గర లేదు. కంగారులో మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రామ్‌ను తీసేశారు, గొడవ ఇంకా పెరిగింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే ఆ కాగితం అవసరమైతే నీ పాఠకులకు అవసరం కాదా? ఆటోమేటిక్‌గా ట్రేడ్ చేసే ప్రోగ్రామ్‌ల అధ్యాయం రాసేటప్పుడు మొదటి పేరాలోనే టూల్‌బార్‌లోని ‘ఆల్గో ట్రేడింగ్’ బటన్ ఎక్కడుందో చూపించు. దాన్ని ఆపితే ప్రోగ్రామ్ కొత్త ఆర్డర్లు పెట్టడం ఆగుతుంది, తెరిచి ఉన్న పొజిషన్లు మాత్రం మూసుకోవు. ఈ రెండో సగం రాయకపోతే మొదటి సగం రాసీ దండగే.

ఇక మెట్లు రాసే తీరు. నువ్వు పంపిన నమూనా పేజీలో ఈ వాక్యం ఉంది: “ఆర్డర్ విండోలో తగిన విలువలు నింపి, సరైన బటన్ నొక్కిన పిమ్మట ఆర్డర్ పంపబడుతుంది.” తగినవి ఏవో, సరైనది ఏదో తెలిస్తే మనిషి నీ పుస్తకం ఎందుకు తెరుస్తాడు? ఒక మెట్టులో ఒకే పని ఉండాలి. ఎక్కడ అన్నది ముందు, ఏం చేయాలన్నది తర్వాత రావాలి. చేశాక తెర మీద ఏం కనిపించాలో కూడా ఉండాలి. “ఆర్డర్ విండోలో వాల్యూమ్ గడిలో 0.01 అని వేయండి. చుక్క పడిందో లేదో ఒకసారి చూసుకోండి.” ఇంత చాలు. హెచ్చరిక ఉంటే ఆ మెట్టుకు ముందు పెట్టు. నొక్కాక చదివే హెచ్చరిక ఎవరికీ ఉపయోగపడదు.

ఆ చుక్క గురించి అంతగా ఎందుకంటే, కరెన్సీ జతల్లో 1 లాట్ అంటే మామూలుగా లక్ష యూనిట్లు. యూరో-డాలర్‌లో 1 లాట్‌కు ధర ఒక పిప్ (0.0001) కదిలితే 10 డాలర్లు, 0.01 లాట్‌కు 10 సెంట్లు. 0.01కి బదులు 1 పడితే పణం నూరు రెట్లు. గడిలో అంకెలు తారుమారైతే ఏమవుతుందో 2005 డిసెంబరులో టోక్యో ఎక్స్ఛేంజ్‌లో లోకమంతా చూసింది. ఒక షేరును 6,10,000 యెన్‌లకు అమ్మబోయి, 6,10,000 షేర్లను ఒక్కో యెన్‌కు అమ్మకానికి పెట్టారు. ఆర్డర్ పెట్టే అధ్యాయంలో ఈ ఉదాహరణ రెండు వాక్యాల్లో ఇవ్వు. ధర గడి, పరిమాణం గడి వేరువేరుగా చూసుకోవాలన్నది ఎన్ని సలహాలు చెప్పినా ఈ ఉదాహరణ అంతగా మనసుకు పట్టదు.

పిప్, పాయింట్ తేడా కూడా ఇక్కడే తేల్చు. ధర 1.10500 అని ఐదు దశాంశాలతో కనిపించే చోట నాలుగో స్థానం పిప్, ఐదోది పాయింట్. పది పాయింట్లు ఒక పిప్. నష్టం ఒక హద్దుకు చేరితే పొజిషన్‌ను మూసేది స్టాప్ లాస్, ధర లాభం వైపు కదిలేకొద్దీ ఆ హద్దును వెంట జరిపేది ట్రెయిలింగ్ స్టాప్. ట్రెయిలింగ్ స్టాప్ దూరాన్ని సాఫ్ట్‌వేర్ పాయింట్లలో అడుగుతుంది. 50 పిప్‌లు కావాలనుకుని 50 అని వేస్తే వచ్చేది 5 పిప్‌లే, ధర ఊపిరి పీల్చినా స్టాప్ తగులుతుంది.

“పంపబడుతుంది” అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను. అలాంటి క్రియ ఉన్న ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఆ పని చేసేది ఎవరు అని అడుగు. ఈ పుస్తకంలో అది వ్యాకరణం గొడవ కాదు, డబ్బుకు సంబంధించినది. స్టాప్ లాస్‌ను కాపలా కాసేది బ్రోకర్ సర్వర్. పాఠకుడు తన కంప్యూటర్ ఆపేసినా అది పనిచేస్తుంది. ట్రెయిలింగ్ స్టాప్‌ను జరిపేది మాత్రం పాఠకుడి కంప్యూటర్‌లో నడుస్తున్న మెటాట్రేడర్ ప్రోగ్రామ్. ప్రోగ్రామ్ మూస్తే స్టాప్ చివరిసారి ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. “స్టాప్ జరపబడుతుంది” అని రాశావంటే ఈ తేడా మొత్తం ఆ క్రియ వెనక దాక్కుంటుంది. “మీ కంప్యూటర్ జరుపుతుంది, అది ఆగితే జరపదు” అని రాయి.

నీ సూచికలో బిడ్ (మనం అమ్మితే వచ్చే ధర), ఆస్క్ (మనం కొంటే ఇవ్వాల్సిన ధర) గురించి ఒక పేరానే ఉంది. దానికి ఒక అధ్యాయం ఇవ్వు. “ధర నా స్టాప్‌ను తాకనే లేదు, అయినా నా పొజిషన్ మూసేశారు” అన్న ఫిర్యాదు కొత్తవాళ్ల నోట తరచుగా వస్తుంది, బ్రోకర్ మోసం చేశాడన్న అనుమానం దాంతోనే మొదలవుతుంది. చాలాసార్లు జరిగేది ఇది. కరెన్సీ చార్ట్ బిడ్ ధరతో గీసి ఉంటుంది. అమ్మిన పొజిషన్ మూయాలంటే కొనాలి, కొనేది ఆస్క్ ధరకు. స్టాప్ 1.1050 దగ్గర ఉందనుకో. చార్ట్ మీద కొవ్వొత్తి (కొంత వ్యవధిలో ధర కదలికను చూపే కడ్డీ) శిఖరం 1.1049 దగ్గరే ఆగింది. అప్పుడు స్ప్రెడ్ రెండు పిప్‌లుంటే ఆస్క్ 1.1051కి వెళ్లింది, స్టాప్ తగిలింది. ఎఫ్8 నొక్కి ఆస్క్ గీత కనిపించేలా పెట్టించు, ఆ రెండు గీతల మధ్య ఖాళీ కొద్దిసేపు చూస్తూ కూర్చోమను. వార్తలు వచ్చే వేళ ఆ ఖాళీ వెడల్పవడం కళ్లారా చూసినవాళ్లకు ఆ తర్వాత నిర్వచనం అక్కర్లేదు.

పదాల విషయంలో గట్టిగా ఉండు. బటన్ మీద ‘క్లోజ్’ అని ఉంటే నువ్వు ‘ముగింపు’ అని అనువదించకు, పాఠకుడు ఆ మాట కోసం తెరంతా వెతుకుతాడు. అర్థం ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత తెర మీది మాటే వాడు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్ అంటే మనం ఇచ్చిన ఆదేశం, డీల్ అంటే అది అమలైన లావాదేవీ, పొజిషన్ అంటే ఆ లావాదేవీ వల్ల మన చేతిలో ఉన్నది. నువ్వు ఒక పేజీలో మూడింటినీ కలిపి ట్రేడ్ అన్నావు. హిస్టరీ తెరిచిన మనిషికి మూడూ వేరువేరుగా కనిపిస్తాయి, ఒకసారి కొని ఒకసారి అమ్మితే ఇన్ని వరసలేమిటని కంగారుపడతాడు.

తెర బొమ్మలు డెమో ఖాతావే వాడు, ఖాతా నంబర్ కత్తిరించు. మొత్తం తెర కాక పని జరిగే మూల మాత్రమే పెట్టు. “ఎర్ర కొవ్వొత్తి” అని మాత్రమే రాయకు. కొన్ని దేశాల్లో ఎరుపు పెరుగుదలకు గుర్తు, కొందరికి ఎరుపు ఆకుపచ్చ తేడా కనపడదు. ఉదాహరణ ట్రేడ్‌లన్నీ లాభంతో ముగించకు, పాఠకుడు వాటిని సలహాగా తీసుకుంటాడు. డెమోలో అడిగిన ధర దొరికినట్టు అసలు ఖాతాలో ప్రతిసారీ దొరకదని కూడా చెప్పు.

తప్పు సందేశాలకు పుస్తకం చివర ఒక విభాగం ఉండాలి, తెర మీద కనిపించే మాటలు యథాతథంగా శీర్షికలుగా. ‘ఇన్‌వాలిడ్ స్టాప్స్’ కింద రెండు కారణాలు రాయి: కొన్నప్పుడు స్టాప్ లాస్ ధరకు పైన పెట్టడం, లేదా బ్రోకర్ నిర్ణయించిన కనీస దూరం కంటే దగ్గరగా పెట్టడం. ఆర్డర్ పెట్టనివ్వకపోతే ఇన్వెస్టర్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యారేమో చూడమను. దానితో ఖాతా చూడొచ్చు, ట్రేడ్ చేయలేరు. చార్ట్ మీది సమయం తమ గడియారంతో కలవడం లేదంటే అది సర్వర్ సమయం అని చెప్పు.

అచ్చుకిచ్చే ముందు ఈ సాఫ్ట్‌వేర్ ఎన్నడూ ముట్టుకోని నలుగురైదుగురికి చిత్తుప్రతి ఇచ్చి పక్కన కూర్చో. నోరు మెదపకు. ఎక్కడ చెయ్యి ఆగింది, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పారు, ఏ మాట రెండోసారి చదివారు, అవి రాసుకో. బాగుందా అని అడగకు, బాగుందనే అంటారు. పొజిషన్ తెరిచి, మూసి, హిస్టరీలో దాన్ని చూపించమను. నీ సాయం లేకుండా అందరూ చేయగలిగేదాకా ఆ అధ్యాయం తిరగరాస్తూనే ఉండాలి. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిస్తే బిల్డ్ నంబర్ (సాఫ్ట్‌వేర్ ఏ విడుదలో చెప్పే సంఖ్య) ఉంటుంది. ఏ బిల్డ్‌తో సరిచూశావో మొదటి పేజీలోనే వేయి. ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తానే కొత్త బిల్డ్‌కు మారుతుంది, నీ బొమ్మలు మారవు.

మూసే అధ్యాయం రెండు పేజీలూ ముందు రాసి పంపు. మిగతావి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.