ముందు 2 దగ్గర లెక్క చెయ్యి

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆమదాలవలస నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రిడక్టివ్ గ్రూపులు (మాత్రికల గ్రూపుల్లో ఒక రకం), వాటి ఆటోమార్ఫిక్ రిప్రజెంటేషన్లు, ఒక గ్రూపు మీదున్న దాన్ని ఇంకో గ్రూపుకి బదిలీ చెయ్యడం... ఈ సంగతి తెలుగులో రాయాలని పూనుకున్నావు, అదే నాకు పెద్ద సంతోషం. కానీ మొదటి పేజీలోనే ఏడు నిర్వచనాలు పెట్టావు. ఒక్క అంకె లేదు. డిగ్రీలో లెక్కలు చదివి ఉద్యోగం చేసుకుంటున్న మన పాఠకుడు మూడో నిర్వచనం దగ్గరే పేజీ తిప్పేస్తాడు. తెలివి లేక కాదమ్మా, చేతికి పట్టు దొరకక.

టౌతో మొదలుపెట్టు. రామానుజన్ 1916 నాటి వ్యాసంలోది. ఒకటిలోంచి ఎక్స్ తీసేసి 24వ ఘాతం చెయ్యి, ఎక్స్ వర్గం తీసేసి 24వ ఘాతం చెయ్యి, ఎక్స్ ఘనంతోనూ అంతే, అలా అన్నిటినీ గుణించి చివర మళ్లీ ఎక్స్‌తో గుణిస్తే, గుణకాలు వరసగా 1, −24, 252, −1472, 4830, −6048 అని వస్తాయి. ఇవే టౌ విలువలు. ఇప్పుడు రెండోదాన్ని మూడోదానితో గుణించమను. −24 ఇంటూ 252 అంటే −6048. అదే ఆరోది! పాఠకుడు కాగితం తీసుకుని ఈ గుణకారం చేశాడంటే ఇక నీ వెంటే వస్తాడు.

తర్వాత హద్దు. ప్రధాన సంఖ్య పి దగ్గర టౌ ఎంత పెద్దదైనా, పి ని అయిదున్నర ఘాతం చేసి రెట్టించిన దాన్ని దాటదని రామానుజన్ ఊహించాడు. 2 దగ్గర ఆ హద్దు సుమారు 90.5. −24 దానికి లోపలే ఉంది. అన్ని ప్రధాన సంఖ్యలకూ ఇది నిజమని డెలీన్ 1974లో నిరూపించాడు.

బదిలీ సంగతి ఇక్కడ ఎత్తుకో. పి దగ్గరి టౌని ఆ అయిదున్నర ఘాతంతో భాగించు. వచ్చినదాన్ని, ఒకదాన్నొకటి గుణిస్తే 1 వచ్చే రెండు సంఖ్యల మొత్తంగా రాయి: ఆల్ఫా, బీటా. జీఎల్(2) అంటే విలోమం ఉన్న 2×2 మాత్రికల గ్రూపు. దాని మీది మన రిప్రజెంటేషన్ అంటే, పాఠకుడి మటుకు, ఒక్కో ప్రధాన సంఖ్య దగ్గర ఇలాంటి ఒక్కో జత. ఇప్పుడు ఆల్ఫా వర్గం, 1, బీటా వర్గం అని మూడు సంఖ్యలు తీసుకుందాం. 2 దగ్గర వాటి మొత్తం −0.71875. ప్రతి ప్రధాన సంఖ్య దగ్గరా ఇలా మూడేసి పేరిస్తే, అవి జీఎల్(3) మీద నిజంగా ఉన్న ఒక ఆటోమార్ఫిక్ రిప్రజెంటేషన్‌వి అవుతాయా? అవుతాయని 1978లో గెల్‌బార్ట్, జాకే నిరూపించారు. నువ్వు పేజీన్నర చెప్పిన బదిలీ ఇదే.

దీన్ని 'రెండు లోకాల మధ్య వంతెన' అని రాశావు, కొట్టెయ్. ఒకే రాగాన్ని గొంతుతో పాడి, తర్వాత ద్వారం వారిలా వయొలిన్ మీద పలికించినట్టు అని నేనూ ఒకప్పుడు రాశాను. అది తప్పు. వాయిద్యం మారినా స్వరాలు అవే ఉంటాయి. ఇక్కడ రెండు సంఖ్యలు మూడవుతున్నాయి, ఆ మూడూ ఒక కొత్త గ్రూపులో కుదురుకోవాలి. కష్టమంతా ఆ కుదరడంలోనే ఉంది.

ఎందుకింత శ్రమ అని పాఠకుడు అడుగుతాడు. ఈ బదిలీలను ముందుగా ఊహించిన గణితవేత్త లాంగ్లాండ్స్ చూపించిన దారి చెప్పు. వర్గంతో ఆగకుండా ఎన్నో ఘాతానికైనా ఇలాగే బదిలీ చెయ్యగలిగామనుకో. ఆ పెద్ద గ్రూపులన్నిటి మీదా ఒక ముతక హద్దు ముందే తెలుసు: అక్కడి సంఖ్య ఏదీ పి వర్గమూలాన్ని మించదు. ఆల్ఫా పరిమాణం ఒకటికంటే పిసరు పెద్దదైనా, దాని ఘాతాలు పెరిగి పెరిగి ఆ వర్గమూలాన్ని దాటేస్తాయి. దాటకూడదు కాబట్టి ఆల్ఫా ఒకటిని మించదు. బీటా కూడా అంతే, కాబట్టి రెండూ కలిపినా 2ని దాటవు. రామానుజన్ హద్దు వచ్చేసింది! ఈ నాలుగు వాక్యాల కోసమే నీ వ్యాసం రాయాలి. టౌ లాంటివాటికి అన్ని ఘాతాల బదిలీనీ 2021లో న్యూటన్, థార్న్ సాధించారు. మాస్ ఫారాలని టౌకి చుట్టాల్లాంటి ఇంకో రకం ఫంక్షన్లున్నాయి, వాటికైతే ఆ హద్దు ఇంకా నిరూపణ కాలేదు, అక్కడ ఈ దారి మీదే ఆశ.

1967లో లాంగ్లాండ్స్ గణితవేత్త ఆంద్రే వేయ్‌కి రాసిన 17 పేజీల ఉత్తరం కథ బాగుంది, సగానికి తగ్గించు. రిడక్టివ్‌కి సంస్కృతంలో కొత్త పేరు కట్టకు. మీ జిల్లాలో పుట్టిన గిడుగు వారు, మా ఊళ్లో గురజాడ వారు జనం పలికే మాట కోసం అంత పోరాడారు. నోట్లో తిరగని మాట రాస్తే వాళ్ల కష్టం వృథా చేసినట్టే.

3 దగ్గర ఆ మూడింటి మొత్తం ఎంతో నువ్వే లెక్కగట్టి, కొత్త ప్రతితో పాటు పంపు. నేను ఇక్కడ విడిగా చేసి సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు